టెన్షనంటే ఏ టెన్షన్? మెడికల్ స్టూడెంట్ల ఉత్తరాలు, డాక్టరు జవాబులు

మెడిసిన్ చదివే పిల్లలనీ వాళ్ల ఇళ్లవాళ్లనీ ఉత్తరాలు రాయమని పోయిన సంచికలో అడిగాం. వచ్చినవాటిలో దాదాపు అన్నిటిలోనూ ఒకే మాట, "చాలా టెన్షన్‌గా ఉంది డాక్టర్ గారూ" అని. వార్డులో పేషెంటు వచ్చి "నొప్పి" అంటే మాత్ర రాసిచ్చి పంపెయ్యం కదా, ఎక్కడ, ఎప్పటినుంచి, దేనితో ఎక్కువవుతోంది, దేనితో తగ్గుతోంది అని అడుగుతాం. టెన్షన్ కూడా అంతే. ఒకరికి అది చదివే పద్ధతిలో లోపం, ఒకరికి నిద్ర చాలకపోవడం, ఒకరికి భయం, ఒకరికి దుఃఖం, ఒకరికైతే అది టెన్షనే కాదు, వైద్యం కావలసిన జబ్బు. అందరికీ కలిపి "ధ్యానం చెయ్యండి, ధైర్యంగా ఉండండి" అని రాసేస్తే నా పని తేలికవుతుంది గానీ మీకు ఒరిగేదేం లేదు.

రాసిన స్టూడెంట్లంతా మా పిల్లల వయసువాళ్లు, అందుకని చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. క్యాజువాలిటీలో వచ్చిన వరుసలో చూడం, ముదిరిన కేసు ముందు చూస్తాం. ఇక్కడా అదే పద్ధతి.

ప్ర: మా అమ్మాయి మెడిసిన్ మూడో ఏడాది, హాస్టల్లో ఉంటుంది. రెండు నెలలుగా మనిషి మారిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తదు, ఎత్తినా ఊఁ, ఆఁ తప్ప మాట రాదు. సెలవులకి వస్తే గది తలుపు వేసుకుని పడుకునే ఉంది. తిండి సగానికి తగ్గింది, ఎప్పుడూ చెవిలో పెట్టుకుని తిరిగే పాటలు కూడా మానేసింది. మొన్న ఏదో మాటకి "నేను లేకపోతే మీకే హాయి" అంది. పరీక్షల టెన్షన్, అవగానే అదే సర్దుకుంటుందిలే అంటున్నారు మావారు. ఏం చెయ్యమంటారు?
(ఒక తల్లి)

జ: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే మీకు జవాబు పంపాం, పత్రిక వచ్చేదాకా ఆగే సంగతి కాదు కనుక. ఇక్కడ మళ్లీ వేస్తున్నది, ఇలాంటి మాట విని కూడా "పరీక్షల టెన్షన్‌లే" అనుకుంటున్న ఇళ్లు ఇంకా ఉంటాయని.

మీవారు చెప్పినదాంట్లో ఒకటి నిజం, పరీక్షల టెన్షన్ పరీక్షలయ్యాక తగ్గుతుంది. కానీ ఆ టెన్షన్ మనిషిని పరుగులు పెట్టిస్తుంది, ఇలా మంచానికి అతికించి పెట్టదు. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, ఇష్టమైనవాటి మీద ఇష్టం పోవడం, నిద్రా తిండీ మారిపోవడం, ఎందుకూ పనికిరానని అనుకోవడం, ఇవి కలిసి కనిపిస్తే డిప్రెషన్ ఉందేమోనని చూపించాల్సిందే. అది సోమరితనమూ కాదు, ధైర్యం లేకపోవడమూ కాదు, షుగరు లాగా ఆస్తమా లాగా అదొక జబ్బు, మందులూ కౌన్సెలింగూ ఉన్న జబ్బు. ఇక "నేను లేకపోతే" అన్న మాట చెవిన పడ్డాక పరీక్షలయ్యేదాకా చూద్దాం అనడానికి వీల్లేదు.

ఇవాళే వెళ్లి పక్కన కూర్చోండి. మార్కుల మాట ఎత్తకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని సూటిగా ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందేమోనని చాలామంది తల్లిదండ్రులు నోరు కట్టేసుకుంటారు. అలా ఏం జరగదు, పైగా ఇన్నాళ్లకి ఎవరో ఒకరు అడిగారన్న ఊరట ఉంటుంది. అవునంటే ఒక్కర్తినీ వదలొద్దు. మందులూ ప్రాణహాని కలిగించే వస్తువులూ అందుబాటులో లేకుండా తీసెయ్యండి, మెడికల్ స్టూడెంట్ కనుక మందుల సంగతి మనకంటే తనకే ఎక్కువ తెలుసు. అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికో, దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకో తీసుకెళ్లండి. మీరు చేరేలోపు హాస్టల్లో ఒక్క స్నేహితురాలికైనా చెప్పి పక్కన ఉండమనండి. రాత్రిపూట మాట్లాడే హెల్ప్‌లైన్ నంబరు మీ ఫోన్‌లోనూ, తన ఫోన్‌లోనూ ఉండాలి.

కాదన్నా డాక్టరుకి చూపించాలి, రెండు రోజులు అటూఇటూగా.

మా అమ్మాయికే ఇలా ఎందుకొచ్చింది అని బాధపడుతున్నారేమో. 47 దేశాల్లో మెడికల్ స్టూడెంట్ల మీద జరిగిన అధ్యయనాలని కలిపి లెక్కగట్టిన ఒక పరిశీలన 2016లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో డిప్రెషన్ గానీ దాని లక్షణాలు గానీ ఉన్నవాళ్లు 27.2 శాతం, చావు ఆలోచనలు వచ్చినవాళ్లు 11.1 శాతం. నాకు వీటికంటే బాధనిపించింది మూడో అంకె. డిప్రెషన్ ఉందని తేలినవాళ్లలో వైద్యానికి వెళ్లింది 15.7 శాతమే. వైద్యం నేర్చుకునేవాళ్లే వైద్యానికి వెళ్లడం లేదన్నమాట! దానికో కారణం ఉంది, కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్తే అక్కడ కూర్చునేది రేపు మార్కులు వేసే ప్రొఫెసరు, పక్కన నోట్సు రాసుకునేది తన క్లాస్‌మేటు. అందుకని కాలేజీతో సంబంధం లేని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, సగం భయం అక్కడే పోతుంది. ఒక టర్మ్ పోతే పోయింది, ఏడాది పోయినా సరే, ఆ సంగతి మీ నోటితో మీరే ముందు చెప్పండి. తనంతట తను అడగలేకపోవచ్చు.

ప్ర: సర్, నేను ఫస్టియర్. స్కూల్లో, ఇంటర్‌లో ఎప్పుడూ ఫస్టే. ఇక్కడ రోజుకి పది గంటలు కూర్చుంటున్నాను, పుస్తకం నిండా హైలైటరే, అయినా మర్నాడు ఏదీ గుర్తుండట్లేదు. మా బ్యాచ్‌లో అందరికీ అన్నీ వచ్చినట్టే ఉంటుంది. నేనేదో అదృష్టం కొద్దీ సీటు తెచ్చుకుని పొరపాటున ఇక్కడికి వచ్చాననిపిస్తోంది. పట్టుబడిపోతానేమోనని భయం.
(ఒక విద్యార్థిని)

జ: రెండు టెన్షన్లు ముడిపడిపోయి ఉన్నాయమ్మాయ్, విడదీద్దాం.

మొదటిది చదివే పద్ధతి. స్కూల్లో సిలబస్ చిన్నది, నాలుగుసార్లు చదివితే వచ్చేసేది, తెలివైనదానివి కనుక ఆ పద్ధతి తప్పని నీకెవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇక్కడ అది చాలదు. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులకి చిన్న పాఠం ఇచ్చి ఒక జట్టుని నాలుగుసార్లూ చదవమన్నారు, ఇంకో జట్టుని ఒక్కసారే చదివి మూడుసార్లు పుస్తకం చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తలకిందులైంది, చదివినవాళ్లకి 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 61 శాతం. ఇంకో తమాషా ఏమిటంటే, "మాకు బాగా గుర్తుంటుంది" అని ముందు ధీమాగా చెప్పింది ఆ నాలుగుసార్లు చదివిన జట్టే. మళ్లీ మళ్లీ చదువుతుంటే పేజీ పరిచయమైపోతుంది, ఆ పరిచయాన్నే మనం వచ్చేసిందనుకుంటాం. పసుపు రంగు పూసినకొద్దీ ఆ భ్రమ ఇంకా పెరుగుతుంది. హైలైటర్ మీద నాకు పాతకక్షలు ఉన్నాయిలే, అది వదిలెయ్.

ఇవాళే ఒక పని చెయ్. బ్రేకియల్ ప్లెక్సస్, అదే మెడ దగ్గర నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక, చదివే ఉంటావు. పుస్తకం మూసి తెల్ల కాగితం తీసుకుని బొమ్మ గియ్యి. 5 రూట్లు వేస్తావు, సి5 నుంచి టి1 దాకా, 3 ట్రంకులు వస్తాయి, ఒక్కో ట్రంకు రెండుగా చీలి 6 డివిజన్లు, సరే. అక్కడ నుంచి 3 కార్డులు గీసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. పోస్టీరియర్ కార్డులోకి ఏవి వెళ్తాయి? పై ట్రంకు వెనక డివిజనా, మూడింటివీనా? పెన్ను ఆగిన ఆ క్షణం చాలా చిరాగ్గా ఉంటుంది, వెంటనే పుస్తకం తెరిచేద్దామనిపిస్తుంది. తెరవకు. ఒక్క నిమిషం తన్నుకో, ఏదో ఒకటి గీసెయ్, తర్వాత తెరిచి చూడు. మూడు ట్రంకుల వెనక డివిజన్లూ కలిసి పోస్టీరియర్ కార్డు అవుతుందని అప్పుడు చూశావంటే మళ్లీ తేలిగ్గా మర్చిపోవు. రేపు మళ్లీ గియ్యి, నాలుగు రోజులాగి ఒకసారి, పది రోజులాగి ఇంకోసారి. ఒకేరోజు నాలుగుసార్లు గీయడం కంటే ఇదే మేలు. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసుకుని చెప్పాడు, నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే గబగబా జారిపోతుందని. మర్నాడు మర్చిపోవడం నీ ఒక్కదాని లోపం కాదు, బుర్రలన్నీ అంతే.

ఇలా చదివితే పది గంటలు కూర్చోలేవు, అలసిపోతావు. ఐదారు గంటలు చాలు, మిగతాది పడుకో.

రెండోది "పట్టుబడిపోతాను" అన్న భయం. దీనికి పేరే ఉంది, ఇంపోస్టర్ ఫినామినన్. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు బాగా పైకొచ్చిన ఆడవాళ్లని గమనించి దీని గురించి రాశారు, తర్వాత మగవాళ్లలోనూ ఉందని తేలింది. చిత్రమేమిటంటే నిజంగా ఏమీ రానివాడికి ఈ భయం ఉండదు. మీ బ్యాచ్‌లో అందరూ ఎక్కడో అక్కడ ఫస్టు వచ్చినవాళ్లే, వాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెడితే ఎవరో ఒకరు ఎనభయ్యో స్థానంలో ఉండక తప్పదు కదా, అంతమాత్రాన ఆ ఎనభయ్యో మనిషి తెలివి తగ్గిపోయిందా? అందరికీ అన్నీ వచ్చినట్టు కనిపించడం సంగతి కూడా చెప్తాను. రాత్రి హాస్టల్లో నీకు బాగా దగ్గరైన ఒకమ్మాయితో "నాకు ఎంబ్రియాలజీ ముక్క అర్థం కావట్లేదే" అని నువ్వే ముందు అను. ఆ పిల్ల మొహం చూడు.

ప్ర: వైవాలో (నోటి పరీక్షలో) గొంతు ఎండిపోతోంది, చేతులు వణుకుతాయి, తెలిసిన జవాబు కూడా నోటికి రాదు. బయటికి రాగానే అన్నీ గుర్తొస్తాయి. సీనియర్ ఒకాయన ప్రొప్రనొలాల్ వేసుకో, గుండెదడ ఉండదు అంటున్నాడు. వేసుకోవచ్చా?
(రెండో ఏడాది)

జ: ఒకరి మందు ఇంకొకరు అడిగి తీసుకుని వేసుకోకూడదని రేపు పేషెంట్లకి చెప్పాల్సినవాడివి, నువ్వే అడుగుతున్నావా తమ్ముడూ. ఆస్తమా ఉన్నవాళ్లకి ప్రొప్రనొలాల్‌తో ఊపిరాడకపోవచ్చు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకీ, బీపీ తక్కువ ఉన్నవాళ్లకీ ఇబ్బంది. అది మంచి మందే, కొందరికి మేమూ రాస్తాం, కానీ పరీక్ష చేసిన డాక్టరు రాయాలి, అది కూడా మిగతావి చేసి చూశాకే.

ఇంతకీ నీకు జరిగేది ఏమిటంటే, ఎగ్జామినర్ తల ఎత్తి చూడగానే ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది, ఎదురుగా ఉన్నది పులా ప్రొఫెసరా అన్న తేడా దానికి తెలియదు. లాలాజలం తగ్గుతుంది, గుండె పరుగెడుతుంది, కండరాలకి రక్తం దౌడు తీస్తుంది. పారిపోవడానికి ఇదంతా భేషుగ్గా పనికొస్తుంది, పోర్టల్ హైపర్‌టెన్షన్ కారణాలు వరసగా చెప్పడానికి మాత్రం పనికిరాదు. కొంచెం కంగారు ఉంటేనే పని బాగా జరుగుతుందనీ, మరీ ఎక్కువైతే చెడుతుందనీ, పని కష్టమైనదైతే ఇంకా త్వరగా చెడుతుందనీ యెర్కిస్, డాడ్సన్ 1908లో చిట్టెలుకల మీద చేసిన ప్రయోగాల నుంచి మనకి తెలుసు. కాబట్టి కంగారు సున్నా చేసుకోవాలని చూడకు, కాస్త దించుకుంటే చాలు.

అసలు కారణం వేరే ఉంది. నువ్వు వేల పేజీలు కళ్లతో చదివావు, నోటితో ఎన్ని చెప్పావు? వైవాలో పని చెయ్యాల్సింది నోరు. రోజూ రాత్రి పావుగంట రూమ్మేటు ఎగ్జామినర్, నువ్వు స్టూడెంటు, తర్వాత మార్చుకోండి. కుర్చీలో నిటారుగా కూర్చుని, పైకి వినపడేలా, డెఫినిషన్‌తో మొదలుపెట్టి. మొదటి వాక్యం నోటికి అలవాటైతే రెండోది దాని తోక పట్టుకుని వస్తుంది. గది బయట నీ వంతు కోసం నిల్చున్నప్పుడు పక్కవాళ్లని "ఏం అడిగారు, ఏం అడిగారు" అని పీకకు, కాస్త దూరంగా వెళ్లి నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఏడెనిమిది లెక్కపెడుతూ వదులు. వదలడం నెమ్మదిగా ఉండాలి, గుండె వేగం తగ్గేది అప్పుడే. ఐదారుసార్లు చాలు.

ఇంకొకటి, 2011లో సైన్స్ పత్రికలో వచ్చింది, రామిరెజ్, బైలాక్ అనేవాళ్లు చేశారు. పరీక్షకి ముందు ఓ పది నిమిషాలు తమ భయాల గురించే కాగితం మీద రాసిన విద్యార్థులు మెరుగ్గా రాశారు, ముఖ్యంగా పరీక్షంటే బాగా భయపడేవాళ్లు. రాసి చింపెయ్, ఎవరూ చూడరు.

నా మాట కూడా చెప్తాను. నా అనాటమీ వైవాలో క్లావికిల్, అదే కాలర్ బోన్, చేతికిచ్చారు. ఎముక పేరు చెప్పేశాను. కుడిదా ఎడమదా అన్నారు. దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, నా భుజం మీద పెట్టి చూసుకుని, చివరికి కిందపడేశాను. టైల్స్ మీద ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. వంగి తీసుకునేటప్పుడు ఊపిరి వదిలాను కాబోలు, పైకి లేచేసరికి జవాబు గుర్తొచ్చింది. "ఒక్క నిమిషం సార్, ఆలోచించుకుని చెప్తాను" అనొచ్చని నాకు అప్పుడు తెలియదు. నువ్వు అనొచ్చు. చాలామంది ఎగ్జామినర్లు ఏమీ అనుకోరు.

ప్ర: ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) మొదటిసారి ఆపరేషన్ చూస్తూ పడిపోయాను. అందరూ నవ్వారు. సర్జన్ కావాలని నా కోరిక. ఇక పనికిరానా?
(క్లినికల్ పోస్టింగుల్లో ఉన్న విద్యార్థి)

జ: బ్రహ్మాండంగా పనికొస్తావు. ఆ నవ్వినవాళ్లలో ఎంతమంది పడిపోయారో వాళ్లు చెప్పరు గానీ.

దీన్ని వేసోవేగల్ సింకోపీ అంటారని నీకు తెలుసు. గుండె నెమ్మదించి, రక్తనాళాలు వదులై, బీపీ పడిపోయి, మెదడుకి చాలినంత రక్తం అందదు. రక్తం చూడటం ఒక్కటే కారణం కాదు, పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చావు, నీళ్లు తాగలేదు, గౌనూ మాస్కూ వేసుకుని ఉక్కలో గంటకు పైగా కదలకుండా మోకాళ్లు బిగబట్టి నిల్చున్నావు, అవునా కాదా? రేపటి నుంచి తినిరా, నీళ్లు తాగిరా, నిల్చున్నచోటే బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ ఉండు. ఆవలింతలు, చల్లటి చెమట, చెవుల్లో హోరు, చూపు మసకబారడం మొదలైతే తొడలూ పిక్కలూ పిడికిళ్లూ గట్టిగా బిగించి పది పదిహేను సెకన్లు ఉంచి వదులు, మళ్లీ బిగించు, బీపీ కాస్త పైకి లేస్తుంది. తగ్గకపోతే పక్కన నర్సుకి చెప్పి టేబుల్‌కి దూరంగా వెనక్కి జరిగి నేల మీద కూర్చుండిపో. సిగ్గుపడి నిలబడితేనే ప్రమాదం, స్టెరైల్ టేబుల్ మీద పడితే నీ తలకీ దెబ్బ, పేషెంటుకీ ఇబ్బంది. చూడగా చూడగా అలవాటైపోతుంది. ఓటీ బయట కూడా, ముఖ్యంగా పరుగెత్తేటప్పుడో ఆడేటప్పుడో పడిపోతుంటే మాత్రం అది వేరే సంగతి, ఈసీజీ తీయించుకో.

ప్ర: న్యూరాలజీ చదువుతున్నాను. వారం రోజులుగా ఎడమ కన్ను అదురుతోంది. ఏఎల్ఎస్ (కండరాలని నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) అయ్యుంటుందని భయంగా ఉంది. పోయిన నెల కార్డియాలజీ చదివినప్పుడు ఛాతీలో నొప్పి వచ్చింది, ఈసీజీ నార్మల్.

జ: వచ్చే నెల ఏ సబ్జెక్టు? చెప్తే ఏం జబ్బొస్తుందో నేనే చెప్తాను.

కోప్పడకు, ఇది మెడికల్ స్టూడెంట్లకి పాతకాలం నుంచీ వస్తున్నదే, మేమంతా ఒక్కో సబ్జెక్టులో ఒక్కోసారి చచ్చి బతికినవాళ్లమే. కనురెప్ప అదరడం నిద్ర తక్కువైనా, కాఫీ ఎక్కువైనా వస్తుంది, దానంతట అదే పోతుంది. ఒకసారి ఒక డాక్టరుకి చూపించుకో, ఆయన ఏం లేదంటే ఆ ఫైలు మూసెయ్, రాత్రి రెండింటికి ఫోన్‌లో వెతకకు. దీనికి తిరగేసిన తప్పు కూడా చూశాను, నిజంగా గడ్డ కనిపిస్తున్నా, బరువు తగ్గుతున్నా "స్టూడెంట్ భయంలే" అని నెలల తరబడి ఊరుకున్నవాళ్లని. చూపించుకోవడం ఒకసారి, భయపడటం సున్నాసార్లు అని పెట్టుకో.

ప్ర: పరీక్షల వారంలో రోజుకి మూడు గంటలే పడుకుంటాను. కాఫీ ఆరేడు కప్పులు. ఈసారి నిద్ర రాకుండా ఉండే టాబ్లెట్లు దొరుకుతాయని ఫ్రెండ్స్ చెప్తున్నారు. వాడితే తప్పేముంది?

జ: తప్పేముందో లెక్కలో చెప్తాను. కాఫీలో కెఫీన్ ఒంట్లోంచి సగం పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. సాయంత్రం ఆరింటికి 200 మిల్లీగ్రాములు తాగావనుకో, పదకొండింటికి ఇంకా 100 ఒంట్లోనే ఉంది. అంటే పడుకునే ముందు ఒక కప్పు తాగినట్టే. పైగా కెఫీన్ అలసటని తీసెయ్యదు, అలసటని మెదడుకి చెప్పే ఎడినోసిన్ అనే పదార్థం కూర్చునే కుర్చీలో తను కూర్చుంటుంది, అంతే. ఇది లేవగానే అది కూర్చుంటుంది, ఒక్కసారిగా కూలిపోతావు. పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదంటారు, నీ ఆరేడు కప్పులూ స్ట్రాంగ్‌వైతే దాన్ని ఎప్పుడో దాటేశావు. మధ్యాహ్నం దాటాక ఆపెయ్.

ఇక నిద్ర. 1997లో డాసన్, రీడ్ అనేవాళ్లు నేచర్ పత్రికలో చూపించారు, 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుకి సమానంగా పడిపోతుందని. తాగి పరీక్ష హాల్లోకి వెళ్తావా? నువ్వు పగలు చదివింది బుర్రలో గట్టిపడేది కూడా నిద్రలోనే, మూడు గంటలు పడుకోవడమంటే సిమెంటు పోసి తడపకుండా వదిలెయ్యడం. ఏడు గంటలు కుదరకపోతే ఆరైనా పడుకో, మధ్యాహ్నం ఓ ఇరవై నిమిషాలు కునుకు తియ్యి. పరీక్ష ముందు రాత్రి కొత్త చాప్టర్ ముట్టుకోకు.

ఆ టాబ్లెట్ల జోలికి వెళ్లకు. అవి నిజంగా అవసరమైన జబ్బులకి డాక్టరు కొలిచి ఇచ్చే మందులు. గుండెదడ, బీపీ, కంగారు పెరుగుతాయి, కొన్నిటికి అలవాటు పడతారు, అంతా అయ్యాక నిద్ర ఇంకా పాడై దానికో మాత్ర మొదలవుతుంది. పగలు లేవడానికొకటి, రాత్రి పడుకోవడానికొకటి. ఆ దారిలో వెళ్లిన ఒక క్లాస్‌మేటు నాకున్నాడు, బయటపడటానికి అతనికి చాలా ఏళ్లు పట్టింది. అంతకుమించి రాయను.

ప్ర: హౌస్ సర్జన్‌ని. పోయిన వారం నేను పది రోజులుగా చూస్తున్న పెద్దావిడ తెల్లవారుజామున చనిపోయింది. సర్టిఫికెట్ రాసి, వెంటనే రౌండ్స్‌కి వెళ్లాను. ఒక పొటాషియం రిపోర్టు తేలేదని సీనియర్ అందరి ముందూ, పేషెంట్ల ముందూ "నీకు డిగ్రీ ఎవడిచ్చాడు" అని అరిచారు. వాష్‌రూమ్‌లో ఏడ్చాను. నాకు ఈ వృత్తికి కావలసిన గుండె లేదేమో.

జ: ఉంది కాబట్టే ఏడ్చావు తల్లీ.

నేను మొదటిసారి చావు రాసింది ఒక రాత్రి డ్యూటీలో. పేరు, టైము, కారణం అన్నీ వంకర లేకుండా రాశాను. తర్వాత మంచం పక్క బల్ల మీద ఆయన కళ్లజోడు కనిపించింది, ఒక కాడకి దారం కట్టి ఉంది, అద్దాల మీద వేలిముద్రలు. దాన్ని తుడిచి కేసులో పెట్టి వాళ్లబ్బాయికి ఇచ్చాను. ఎందుకు తుడిచానో తెలియదు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. డ్యూటీలో నర్సు, నాకంటే ఇరవై ఏళ్లు పెద్దావిడ, ఏమీ అనకుండా కుర్చీ లాగి కూర్చోమంది, ఆ పేషెంటు మొదటిరోజు ఎంత గొడవ చేశాడో చెప్పి నవ్వించింది. ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాలు నీకెవరూ ఇవ్వలేదు, నీ టెన్షన్ అక్కడుంది. పది రోజులు పల్స్ పట్టుకున్న చెయ్యి చల్లబడ్డాక రౌండ్స్‌కి పరుగెత్తావు, దుఃఖం ఎక్కడికీ పోదు కదా, పొటాషియం వంకతో బయటికొచ్చింది. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లలో ఒకరితో ఆవిడ గురించి కూర్చుని మాట్లాడు. ఇంటివాళ్లకంటే అక్కడ ఉన్నవాళ్లతో మాట్లాడితేనే తేలికవుతుంది, వివరించి చెప్పే పని ఉండదు.

ఇక అరిచిన సంగతి. రిపోర్టు తేకపోవడం తప్పే, పొటాషియం చిన్న విషయం కాదు, తప్పుని తప్పని చెప్పాలి, గట్టిగా చెప్పినా ఫర్వాలేదు. "పొటాషియం చూడకుండా డోసు మార్చొద్దు" అంటే అది పాఠం. "డిగ్రీ ఎవడిచ్చాడు" అంటే అందులో నేర్చుకోవడానికి ఏముంది? మేమూ ఇలాగే తిట్లు తిని పైకొచ్చాం అని మా తరంవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, నేనూ కొన్నాళ్లు చెప్పుకున్నాను, సిగ్గుపడుతున్నాను. తిట్లు తిన్న జూనియరు తర్వాత డౌటు వచ్చినా అడగడు, దాని ఫలితం పేషెంటు మీద పడుతుంది. ఒక్కసారి జరిగితే ఆయన్ని తీరిగ్గా ఉన్నప్పుడు కలిసి "తప్పు నాదే సార్, కానీ పేషెంట్ల ముందు అలా అంటే రేపు వాళ్లు నా మాట వినరు" అని చెప్పు. పదేపదే జరిగితే తేదీ, సమయం, అన్న మాటలు, ఎవరున్నారు, ఇవన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకో, మీ బ్యాచ్‌లో ఇంకా ఎవరికి జరుగుతోందో కనుక్కుని ఇద్దరు ముగ్గురు కలిసి పైవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఒక్కదానివే వెళ్లకు.

డాక్టర్లు చేసే జెనీవా ప్రతిజ్ఞ 1948 నాటిది. అందులో డాక్టరు తన ఆరోగ్యం కూడా తను చూసుకోవాలన్న మాట 2017లో గానీ చేరలేదు. దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది మా వాళ్లకి ఆ ఒక్క వాక్యం తట్టడానికి!

ప్ర: ఆదివారం సాయంత్రం రెండు గంటలు బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. సెకండియర్‌లో టైము వేస్టని మానేశాను. ఇప్పుడు ఆదివారాలు పుస్తకం ముందు కూర్చుంటాను, కానీ చదివేదేం లేదు, ఫోన్ చూస్తూ ఉంటాను. మళ్లీ ఆడనా?

జ: చదవనూ లేదు, ఆడనూ లేదు, మిగిలిందేమిటి మరి? పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, నీ ఆట ఒక్కటే అందులో 120. మిగతా అరగంటకి హాస్టల్ మెట్లున్నాయి. నీతో ఆడే అమ్మాయి ఇంకా ఆడుతోందో లేదో కనుక్కో, రాకెట్‌కి గట్ వదులైపోయి ఉంటుంది, అది శనివారమే బిగించి ఉంచుకో.